అంగుళం తేడా మావయ్య

లోకంలో కొందరు చూసి నమ్ముతారు, కొందరు విని నమ్ముతారు. అంగుళం మావయ్య మాత్రం కొలిస్తేనే నమ్ముతాడు. నలభై ఎనిమిది ఫ్లాట్లున్న ఆ ఆవరణలో ఆయన టేపు తగలని వస్తువంటూ లేదు. లిఫ్టు తలుపు కొలిచాడు, మెట్లు కొలిచాడు, చెత్త డబ్బాల మధ్య ఎడం కొలిచాడు. ఒకసారి వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉండగానే కుర్చీ కాళ్ళు కొలిచి, "నువ్వు ఎడమవైపు ఒరిగి కూర్చుంటున్నావని ఆర్నెల్లుగా అనుకుంటున్నా. తప్పు నీది కాదయ్యా, కుర్చీది. అంగుళం తేడా!" అని క్షమాపణ చెప్పుకున్నాడు.

ముప్పై రెండేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి మరి. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు గోడ గడియారం బహుమతిగా ఇస్తే, పెట్టె మీద రాసిన దానికంటే ముప్పావు అంగుళం చిన్నగా ఉందని అక్కడికక్కడే దుకాణానికి వెనక్కి పంపించాడట. ఆ గడియారం మళ్ళీ రాలేదు. ఆయనకేం బెంగ లేదు.

ఆయన భార్యని ఆవరణంతా అత్తయ్య అంటుంది. ఆవిడ ఎవరు కనిపించినా ఇదే చెబుతుంది. "పెళ్ళయిన కొత్తలో కిటికీకి కర్టెన్ కుట్టానమ్మా. బావుందనలేదు, బాలేదనలేదు. టేపు తీసి 'ఎడమ వైపు అంగుళం తేడా' అన్నాడు. ఒళ్ళు మండి, దాన్ని చింపి పిల్లాడికి చొక్కా కుట్టాను."

"చొక్కాకి ఏమన్నారు?"

"ఏమంటాడు? చొక్కానీ కొలిచాడు, పిల్లాణ్ణీ కొలిచాడు. తప్పు పిల్లాడిదన్నాడు."

ఇలాంటి మనిషి చేతిలో అసోసియేషన్ వాళ్ళు తొమ్మిదేళ్ళ కిందట పార్కింగు పెట్టారు. చుట్టాలూ స్నేహితులూ వచ్చి కార్లు పెట్టుకునే చోటు ఆ ఆవరణలో ఆరు బళ్ళకి మాత్రమే. ఎదురుగా పెద్ద షాపింగ్ కాంప్లెక్సు. అక్కడికి వెళ్ళేవాళ్ళంతా దర్జాగా ఇక్కడ కారు పెట్టేసి, సంచులూపుకుంటూ రోడ్డు దాటేవాళ్ళు. ఆవరణలో ఉన్నవాళ్ళు కారు పెట్టుకోను చోటు లేక వీధి చివర్న పెట్టి నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. గంటకి మించి ఉన్న బయటి కారుని టోయింగ్ ట్రక్కువాళ్ళు ఎత్తుకుపోవచ్చని ఏర్పాటైతే ఉంది. కానీ ఎత్తుకుపోవడానికి నిబంధనలున్నాయి. పదకొండు పేజీల పుస్తకం. దాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివినవాడు, ఆ పుస్తకం రాసినవాళ్ళతో కలుపుకుని చూసినా, అంగుళం మావయ్య ఒక్కడే.

కొత్త మేనేజరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ పుస్తకం రుచి చూసింది. ఆమెని అందరూ మేనేజరమ్మ అనడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఓ హోటల్లో రిసెప్షన్ చూసింది. చురుకైన మనిషి. ఎంత గొడవైనా ఒక ఫైలూ రెండు ఫోన్లతో తేలిపోవాలని ఆమె లెక్క. మూడు నెలలు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

ఆ మంగళవారం గంటన్నరగా ఓ నీలం కారు కదలకుండా ఉంది. మేనేజరమ్మ ఒక ఫోన్ చేసింది. ట్రక్కు వచ్చింది. డ్రైవరు కిందికి దిగి కొక్కెం చేతిలోకి తీసుకున్నాడో లేదో, వెనక నుంచి సర్రుమని చప్పుడు.

"అయిపోయింది, ఈయనొచ్చాడు," అన్నాడు డ్రైవరు, కొక్కెం కింద పెట్టేస్తూ.

"ఎవరు?" అంది మేనేజరమ్మ.

"చూస్తారుగా మేడం. టీ తాగొస్తాను."

మావయ్య గేటు దగ్గర హెచ్చరిక బోర్డుకి టేపు ఆనించి, ఒక కన్ను మూసి, మోకాళ్ళ మీద వంగి, లేచి, మళ్ళీ వంగి, చివరికి తీర్పు చెప్పాడు. "నేల నుంచి బోర్డు కింది అంచుకి ఐదడుగులుండాలి. నాలుగడుగుల పదకొండంగుళాలే ఉంది. అంగుళం తేడా! ఈ బోర్డు చెల్లదు. బోర్డు చెల్లకపోతే టోయింగూ చెల్లదు."

"మావయ్యగారూ, అంగుళంలో ఏముందండీ?"

"ఏముందా? అమ్మాయ్, బట్టల కొట్టువాడు మీటరుకి అంగుళం మింగితే ఏడాదికి ఎంత గుడ్డ అవుతుందో నీకు తెలుసా?"

ఆమెకి తెలీదు. ఆయనకి తెలుసు. చెప్పాడు. నైలాను వేరు, నూలు వేరు, ఉన్ని వేరుగా చెప్పాడు. ఉన్ని దగ్గర ఉండగా ఒకావిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోచేతుల దాకా తడి చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చి నీలం కారు తలుపు తీసింది. మావయ్య ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "గంట అని రాసుంది, కనబడలేదా? ఇంకోసారి ఇలా జరిగితే నేను మనిషిని కాను!" ఆవిడ సారీ చెప్పి వెళ్ళిపోయింది. టీ తాగొచ్చిన డ్రైవరు ఖాళీ కొక్కెంతో తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే బోర్డు మీద ఫోన్ నంబరు అక్షరాలు పావు అంగుళం సన్నమయ్యాయి. తర్వాతి వారం బోర్డుకీ గేటుకీ మధ్య దూరం పెరిగింది. ఇంకోసారి, పుస్తకం ప్రకారం ఏ కారుకి ఆ కారుకే విడిగా మేనేజరు సంతకంతో కాగితం ఉండాలని, ఆ కాగితంలో రంగు బూడిద అని రాశారు గానీ కారు వెండి రంగని అడ్డుపడ్డాడు. బూడిదకీ వెండికీ తేడా మీద డ్రైవరుతో పావుగంట వాదించాడు. ఈలోపు కారు యజమాని రానే వచ్చాడు, తిట్లు తినిపోయాడు. మేనేజరమ్మకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇక అసోసియేషన్ అధ్యక్షుడి ఓర్పు అయిపోయింది. ఆయనకి సిమెంటు వ్యాపారం. గొంతు కూడా అలాగే గట్టిది. ఆయన చోట్లోనే రెండుసార్లు ఎవరో కారు పెట్టేసి షాపింగ్‌కి పోయారు. వానలో వీధి చివర నుంచి తడుచుకుంటూ వచ్చాడు. కోపం రావడంలో తప్పేం లేదు.

"చూడమ్మా, నెలాఖరుకల్లా గంట దాటిన కారు ఒక్కటి కూడా ఈ ఆవరణలో కనబడకూడదు. ఆ ముసలాయన టేపు ఆయన జేబులోనే ఉండాలి. నీ వల్ల కాదంటావా, నీ మూడు నెలలు మూడు నెలలతోనే సరి."

"నాకు వదిలేయండి సార్," అంది మేనేజరమ్మ ధీమాగా.

ఆమె చేసిన పని చూస్తే ఎవరైనా భుజం తట్టాల్సిందే. మావయ్య దగ్గరే పుస్తకం అడిగి తీసుకుంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పేజీ పేజీ చదివింది. కొత్త బోర్డు చేయించింది. సరిగ్గా ఐదడుగుల ఎత్తు, రెండంగుళాల అక్షరాలు, కారు ఎక్కడికి తీసుకెళ్తారో ఆ చిరునామా, ఫోన్ నంబరు, వెలుగు పడేలా పైన దీపం. గీతలన్నీ మళ్ళీ గీయించింది. అప్పుడు మావయ్యని పిలిచి, "ఇప్పుడు కొలవండి," అంది.

ఆయన కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచాడు. "అన్నీ సరిపోయాయమ్మా," అన్నాడు. ముప్పై రెండేళ్ళు సరైన కొలత కోసం ఊరంతా తిరిగిన మనిషి, తీరా అది కళ్ళబడితే ఎవరో పోయినట్టు మొహం పెట్టాడేమిటా అని ఆమెకి వింతగా అనిపించింది. ఆ సాయంత్రమే కమిటీ పార్కింగు బాధ్యత ఆయన నుంచి తీసేసి మేనేజరమ్మకి ఇచ్చింది. ఆయన తొమ్మిదేళ్ళ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, "ముట్టినట్టు రాసివ్వు," అన్నాడు. రాసిచ్చింది. కాగితం అంచులు సమానంగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న మేనేజరమ్మ తీరిగ్గా రిజిస్టరు తెరిచింది. తేదీ, కారు నంబరు, కొలత, లోపం, పట్టిన సమయం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆమె చేరిన వారం పేజీ తిప్పింది.

సోమవారం. తెల్ల కారు. బోర్డు ఎత్తు ఐదడుగులు. లోపం లేదు. తీసుకెళ్ళారు. పట్టిన సమయం నాలుగు నిమిషాలు.

మంగళవారం. నీలం కారు. బోర్డు ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. చెల్లదు. పట్టిన సమయం ముప్పై ఐదు నిమిషాలు.

బుధవారం. ఎర్ర కారు. బోర్డు ఎత్తు ఐదడుగులు. లోపం లేదు. తీసుకెళ్ళారు. నాలుగు నిమిషాలు.

మేనేజరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. గోడకి మేకులు కొట్టి బిగించిన బోర్డు మంగళవారం కుంగి బుధవారం లేచిందా? అప్పుడు కనిపించాయి, పేజీ అంచున చీమల బారులా సన్నటి అక్షరాలు. తెల్ల కారు పక్కన, "ఎదురు షాపింగ్‌కి పోయాడు. అడిగితే నీకెందుకన్నాడు." నీలం కారు పక్కన, "మూడో అంతస్తు పెద్దావిడకి స్నానం చేయించడానికి కూతురు వస్తుంది. పావు తక్కువ పదకొండుకి దిగుతుంది." బూడిద కాదు వెండి అని వాదించిన కారు పక్కన, "విడిపోయిన దంపతుల్లో తండ్రి. వారానికొకసారి కూతుర్ని చూసుకోవడానికి వస్తాడు. ఆ పిల్ల తొందరగా వదలదు."

తొమ్మిదేళ్ళ పేజీలన్నీ అంతే. షాపింగ్‌కి పోయినవాడికి నాలుగు నిమిషాలు. మనిషి కోసం వచ్చినవాడికి, ఆ మనిషి వదిలిపెట్టేదాకా. మేనేజరమ్మకి సిగ్గేసింది. తను ఆ కొత్త బోర్డుతో ఎవరి నోరు మూయించిందో, ఎంతమంది దారికి అడ్డం గోడ కట్టిందో ఇప్పుడు తెలిసింది.

చివరి పేజీలో ఇలా ఉంది. "ఫిజియో అమ్మాయి, పాత బూడిద రంగు కారు. పక్షవాతం వచ్చిన రెండో అంతస్తు లెక్కల మాస్టారికి నడక నేర్పుతోంది. ముప్పావుగంట పని. ఆయన మొండికేస్తే గంటన్నర. వేరే చోట ఓసారి ఈమె కారు ఎత్తుకుపోతే ఆ రోజు నలుగురు రోగులు ఎదురుచూస్తూ కూర్చున్నారట. ఇక్కడా అలా జరిగితే ఇటు రానంది. ఈమె రాకపోతే మాస్టారు మంచం దిగడు. జాగ్రత్త."

ఆ 'జాగ్రత్త' చదువుతుండగానే బయట ట్రక్కు హారన్ మోగింది.

మేనేజరమ్మ పరిగెత్తింది. అధ్యక్షుడు గడియారం చూసుకుంటూ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ట్రక్కుని ఆయనే పిలిచాడు. "గంటా పది నిమిషాలు! రోజూ ఇదే కారు. రామ్మా, కాగితం మీద సంతకం పెట్టు. నీ కొత్త బోర్డుకి బోణీ ఇదే."

కొక్కెం ముందు పాత బూడిద రంగు కారు. కాస్త దూరంలో మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టేపు తీయలేదు. తీసే అధికారం నిన్నటితో పోయింది. రూలు రూలే కదా. కానీ ఆయన చూపు మాత్రం రెండో అంతస్తు కిటికీ మీదే ఉంది.

మేనేజరమ్మ మాస్టారింటికి ఫోన్ చేసింది. మాస్టారి భార్య ఎత్తింది. "ఇప్పుడే గోడ వదిలాడమ్మా! ఆ అమ్మాయి చేతులు చాపి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు మాత్రం ఎవర్నీ పిలవకు తల్లీ, పడిపోతాడు!" అని పెట్టేసింది.

"ఎవరికా ఫోను? సంతకం పెట్టమంటుంటే?" అన్నాడు అధ్యక్షుడు.

సంతకం పెడితే కారు పోతుంది, ఫిజియో అమ్మాయి పోతుంది, మాస్టారి నడక పోతుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. మేనేజరమ్మ కాగితం తీసుకుంది, పెన్ను మూత తీసింది, కాగితం వెనక్కి తిప్పింది.

"పెడతాను సార్, ఇప్పుడే పెడతాను. ఏడో నిబంధన ఒక్కటి పూర్తిచేసి. కారుని కదిలించక ముందే దాని మీద ఉన్న గీతలూ సొట్టలూ అన్నీ కొలతలతో సహా ఈ వెనక పేజీలో రాయాలి. ఆ తర్వాతే సంతకం." డ్రైవరు వైపు తిరిగింది. "ఏమయ్యా, ఈ పేజీ ఎప్పుడైనా నింపారా?"

"వెనక పేజీ ఉందనే తెలీదు మేడం."

"చూశారా సార్? రేపు ఎవరైనా కోర్టుకెళ్తే మీ పేరే ముందు రాస్తారు. మరి కొలతలంటే టేపు కావాలి. టేపున్న మనిషి ఈ ఆవరణలో ఒక్కరే ఉన్నారు. మావయ్యగారూ, ఒకసారి ఇలా వస్తారా?"

మావయ్య వెంటనే కదల్లేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కూడా రెండో అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూసి కళ్ళు దించింది. అంతే, సర్రుమని టేపు బయటికొచ్చింది.

"ముందు బంపరు, ఎడమ మూల. సొట్ట. పొడవు ఆరున్నర, వెడల్పు మూడు, లోతు పావు."

"లోతు కూడానా?" అన్నాడు అధ్యక్షుడు.

"లోతు లేకపోతే సొట్ట ఎలా అవుతుంది నాయనా? అది మచ్చ."

ఆ కారుని చేసినవాడు ఎలా చేశాడో గానీ, వీధులు మాత్రం దాన్ని మళ్ళీ తీరిగ్గా చెక్కాయి. గీత మీద గీత. మావయ్యకి పండగే. ఒక్కో గీతకీ నంబరు ఇచ్చాడు. వంకర గీతని దారం పెట్టి కొలిచాడు. రెండు గీతలు కలిసిన చోట అవి రెండా, ఒక్కటేనా అని కాసేపు ఆలోచించి, న్యాయంగా రెండే అని తేల్చాడు. పిట్ట రెట్టని సొట్టల్లో రాయాలా మచ్చల్లో రాయాలా అని అధ్యక్షుణ్ణే సలహా అడిగాడు.

"ఏదో ఒకటి రాసి చావండి!" అన్నాడు ఆయన.

"మావయ్యగారూ, తలుపు పిడి కింద ఇంకోటుంది!" అంది మేనేజరమ్మ నేల మీద గొంతుక్కూర్చుని.

"శభాష్. పంతొమ్మిది. రాసుకో."

కాసేపటికి డ్రైవరు కూడా చేతులు కట్టుకుని ఉండలేకపోయాడు. ఇవన్నీ ఇప్పుడు రాయకపోతే రేపు తన నెత్తినే పడతాయని అతనికి వెలిగింది. "సార్, డిక్కీ కింద మీరు చూసినట్టు లేరు. పెద్దదుంది," అని తనే కారు కింద నుంచి దేక్కుంటూ వచ్చి చూపించాడు. ముగ్గురూ కారు చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతుంటే, బాల్కనీల్లో జనం చేరి, కారు కింద ఏం పోగొట్టుకున్నారో అని మాట్లాడుకున్నారు.

నలభై ఒకటో గీత దగ్గర మెట్ల మీద పరుగు వినబడింది. ఫిజియో అమ్మాయి, చెమటలు కారుతూ, నవ్వుతూ, ట్రక్కుని చూసి చటుక్కున ఆగిపోయింది.

"యజమాని వచ్చింది. కారు ఆవరణ దాటలేదు. తొమ్మిదో నిబంధన, వదిలేయాల్సిందే," అని మేనేజరమ్మ పెన్ను మూత పెట్టేసింది. కాగితం మీద సంతకం మాత్రం పడలేదు.

మావయ్య ఫిజియో అమ్మాయి మీద గర్జించాడు. "గంట అంటే అరవై నిమిషాలు! అరవై ఒకటి కాదు! నీ కారు ఎడమ చక్రం గీత దాటి రెండంగుళాలు బయటికొచ్చింది, తెలుసా? వెళ్ళు, వెళ్ళు, తర్వాతి రోగి కాచుకుని ఉంటాడు!" ఆమె "సారీ తాతగారూ" అని, మేనేజరమ్మ చెవిలో ఏదో చెప్పి, కారెక్కి వెళ్ళిపోయింది.

అధ్యక్షుడు నుదురు తుడుచుకున్నాడు. "రోజూ ఇదే బాగోతమా?"

"రూలు ప్రకారం ప్రతి కారుకీ ఆ వెనక పేజీ నింపాల్సిందే సార్," అంది మేనేజరమ్మ. "కావాలంటే ఆ పని మీరు చేయండి. లేదా మావయ్యగారికి మళ్ళీ అప్పగించండి. షాపింగ్ వాళ్ళ కార్లయితే ఆయన నాలుగు నిమిషాల్లో తేల్చేస్తారు, రిజిస్టరు నా దగ్గరుంది. మిగతావి రెండో మూడో ఆలస్యమైతే మన సొమ్మేం పోదు."

అధ్యక్షుడు దుమ్ము కొట్టుకుపోయిన తన మోకాళ్ళు చూసుకున్నాడు. ముప్పై రెండో గీత ఆయనే పట్టాడు. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు గానీ, పట్టింది ఆయనే. "ఏదో ఒకటి చేసుకోండి," అని వెళ్ళిపోయాడు. ఆ మాటే తీర్మానంగా రాసుకున్నారు. మేనేజరమ్మ ఉద్యోగం గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు. మూడు నెలలు నిండగానే ఖాయమైంది.

ఆఫీసులో ఇద్దరే మిగిలాక ఆమె అడిగింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు మావయ్యగారూ? పాపం వాళ్ళకి పని ఉంది, కాసేపు ఆగండి అంటే సరిపోయేది కదా?"

"జాలని తెలిస్తే అందరూ జాలే అడుగుతారమ్మా. షాపింగ్‌వాడు కూడా వాళ్ళమ్మకి బాలేదంటాడు. ఎవరి అమ్మకి నిజంగా బాలేదో టేపుతో తేల్చగలనా? రూలని తెలిస్తే ఎవరూ అడగరు. నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. పైగా జాలిపడ్డామని తెలిస్తే ఆ వచ్చినవాళ్ళు తలొంచుకుని రావాలి. తిట్లు తింటే అనుకో, కోపంగా తలెత్తుకుని వస్తారు." కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "సరేగానీ, ఆ పిల్ల నీ చెవిలో ఏదో చెప్పింది. ఏమిటది?"

"మాస్టారు ఇవాళ గోడ పట్టుకోకుండా తొమ్మిది అడుగులు వేశారట."

మావయ్య కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత రిజిస్టరు ఆమె ముందుకి తోశాడు. "పేజీ చివర్న రాయి. మాస్టారు పది అడుగులు వేశారని."

"తొమ్మిదే అంది మావయ్యగారూ. నేను సరిగ్గానే విన్నాను."

"లెక్కల మాస్టారమ్మా ఆయన. తొమ్మిది దగ్గర ఆగితే ఈపాటికి మంచం మీద పడుకుని మథనపడుతుంటాడు. రేపటికల్లా పది చేస్తాడు. రాయి."

మేనేజరమ్మ పది అని రాసింది. కింద సంతకం పెట్టింది.